మా సిటీ కౌన్సిల్ మీటింగు: అత్తగారికి రెండు నిమిషాలు, నాకు ఒకటి

బిర్యానీ బాగోకపోతే రివ్యూ రాస్తాం. ఏటా వేలకు వేలు ప్రాపర్టీ టాక్స్ కట్టించుకునే సిటీకి ఎందుకు రాయకూడదు? మాది కాలిఫోర్నియాలో ఓ మోస్తరు ఊరు, పేరు అనవసరం. పోయిన ఏడాది నా మంగళవారం రాత్రుళ్ళు చాలావరకు అక్కడి కౌన్సిల్ హాల్లోనే గడిచాయి కాబట్టి, కస్టమర్‌గా నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

గొడవంతా మా ఇంటి వెనక పార్కు గురించి. సగం మైదానం తీసేసి పార్కింగ్ లాట్ వేస్తామన్నారు. ఆ సగంలోనే మావాళ్ళ క్రికెట్ మ్యాట్ ఉంది, మా అత్తగారి సాయంత్రం నడక కూడా అక్కడే.

మొదటిసారి వెళ్ళినప్పుడు పార్కు సంగతి అజెండాలో లేదు. అయినా స్లిప్పు రాసిచ్చి మూడు నిమిషాలు మాట్లాడాను. గొంతు కూడా కొంచెం వణికింది. ఎదురుగా ఐదుగురు కౌన్సిల్ సభ్యులు రాతిబొమ్మల్లా కూర్చుని విన్నారు. అయ్యాక మేయర్ "థాంక్యూ, నెక్స్ట్ స్పీకర్" అన్నారు. అంతే. ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. తప్పు వాళ్ళది కాదని తర్వాత తెలిసింది. కాలిఫోర్నియాలో ఇలాంటి మీటింగులు జనం ముందే జరగాలనే చట్టం ఒకటుంది, 1953 నాటి బ్రౌన్ యాక్ట్. దాని ప్రకారం అజెండాలో లేని విషయం మీద వాళ్ళు చర్చ పెట్టకూడదు, ఏదీ తేల్చకూడదు. ముక్తసరిగా ఓ జవాబు ఇవ్వొచ్చు, అంతవరకే. మంచి రూలే. లేకపోతే మనకు తెలియకుండానే పనులు కానిచ్చేస్తారు. కాకపోతే ఆ ముక్క మైకు పక్కన ఓ కాగితం మీద రాసిపెడితే వాళ్ళ సొమ్మేం పోయింది?

అజెండాకు మాత్రం రెండు స్టార్లే ఇస్తాను. మీటింగుకు 72 గంటల ముందు పెట్టాలని చట్టం. మంగళవారం రాత్రి ఏడింటికి మీటింగైతే శనివారం రాత్రి ఏడు దాకా టైముంది కదా, వీళ్ళు శుక్రవారం సాయంత్రం ఆఫీసు కట్టేసేముందు వందల పేజీల పీడీఎఫ్ పడేస్తారు. చట్టానికి ఢోకా లేదు, మన శనాదివారాలు మాత్రం పోయాయి. అందులోనూ మా పార్కును 'కన్సెంట్ క్యాలెండర్'లో పెట్టారు. అంటే పెద్దగా మాట్లాడాల్సింది లేదనుకున్నవన్నీ ఒక మూటగట్టి ఒకే ఓటుతో పాస్ చేసే జాబితా. కాలువ పూడిక కాంట్రాక్టుకూ, కాపీ మిషన్ల లీజుకూ మధ్య మా మైదానం! వీధిలో అందరం ఈమెయిళ్ళు పెడితే ఒక సభ్యురాలు దాన్ని మూటలోంచి బయటికి తీయించారు. చర్చ తర్వాతి మీటింగుకు పడింది.

ఆ రాత్రి హాలు నిండిపోయి జనం వరండాలో కూడా నిలబడ్డారు. మాట్లాడేవాళ్ళు ఎక్కువయ్యారని మేయర్ మూడు నిమిషాలను ఒక నిమిషానికి తగ్గించారు. నేను వారం రోజులు కూర్చుని రాసుకున్నది మూడు నిమిషాల స్పీచి. మొదటి పేరా అయ్యేసరికి ఎర్రలైటు వెలిగి మైకు ఆగిపోయింది.

నా తర్వాత మా అత్తగారి వంతు. ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చారు, ఇంగ్లీషు రాదు. మాట్లాడటానికి ఓటు ఉండక్కర్లేదు, ఆ ఊరివాళ్ళు కూడా కానక్కర్లేదు. పైగా అనువాదకుడి సాయంతో మాట్లాడేవాళ్ళకు కనీసం రెట్టింపు టైమివ్వాలని చట్టంలోనే ఉంది. సిటీ రికార్డులూ, ఎన్నికల పనులూ చూసే సిటీ క్లర్క్ ముందురోజు నాకు చెప్పకపోతే తెలిసేదే కాదు. అలా ఆవిడకు రెండు నిమిషాలు వచ్చాయి, అనువాదం నేను. "బాబూ, కార్లు ఎక్కడైనా ఆగుతాయి. నాకు మోకాళ్ళ నొప్పులు, నేను మెత్తటి నేల మీదే నడవాలి" అన్నారు. హాలంతా చప్పట్లు. నా ఇంగ్లీషు స్పీచికి ఒక్కరూ కొట్టలేదు, అది వేరే విషయం.

పదిన్నరకు ఓటింగ్. మూడు-రెండుతో పార్కింగ్ లాటే గెలిచింది.

ఇక పిటిషన్ దారి పట్టాం. ఓటర్లే చట్టం రాసి, సంతకాలు పోగుచేసి బ్యాలెట్‌కు ఎక్కించే ఈ ఏర్పాటు కాలిఫోర్నియాలో 1911 నుంచి ఉంది, హైరమ్ జాన్సన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు వచ్చింది. మా లాయరు రాసిన దాని సారాంశం ఇది: పార్కు స్థలం వేరే పనికి వాడాలంటే ముందు ఓటర్లను అడగాలి.

దీని మీద వీధిలో రెండు వర్గాలయ్యాయి. మా ఎదురింటి పెద్దాయన రిటైర్డ్ ఇంజనీరు, మంచి మనిషి, మాకు పూర్తిగా వ్యతిరేకం. "వాళ్ళను ఎన్నుకున్నదెందుకమ్మా? నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో దింపండి. పార్కింగ్ గీతలకు కూడా ఓటింగా?" అంటారు. ఆయన ఎత్తిన ఒక పాయింటుకు మాత్రం మా దగ్గర జవాబు లేకపోయింది. ఓటర్లు పాస్ చేసిన ఆర్డినెన్సును (అంటే ఊరి చట్టాన్ని), అందులోనే వేరేగా రాసుకుంటే తప్ప, కౌన్సిల్ మార్చలేదు. మళ్ళీ ఓటర్ల దగ్గరికే రావాలి. "రేపు పార్కులో బాత్రూమ్ కట్టాలన్నా ఎలక్షన్ పెడతారా?" అని అడిగారు. లాయరుకు ఫోన్ చేసి బాత్రూములకూ, పిల్లల ఆటస్థలానికీ మినహాయింపు రాయించాం. ఫైల్ చేశాక ఒక్క అక్షరం మార్చలేం, అదృష్టం కొద్దీ ఆయన ముందే అడిగారు.

సిటీ క్లర్క్ కౌంటరుకు ఐదు స్టార్లు, వీలైతే ఆరు. ఎటువైపూ మొగ్గరు, సలహా ఇవ్వరు, గడువులన్నీ పెన్సిల్‌తో రాసిస్తారు. పిటిషన్ పెడుతున్నామని ముందుగా ఇచ్చే నోటీసుకు ఫీజు 200 డాలర్లకు మించకూడదు, పిటిషన్ నిలబడితే అదీ తిరిగిస్తారు. సిటీ అటార్నీ 15 రోజుల్లో శీర్షిక, సారాంశం ఇస్తారు. ఆ తర్వాత సంతకాలకు 180 రోజులు. రిజిస్టరైన ఓటర్లలో 10 శాతం మంది పెట్టాలి.

ఇండియన్ స్టోర్ బయట టేబుల్ వేసుకుని నిలబడితే అసలు సంగతి తెలిసింది. పదిమంది ఆగితే ఏడుగురు "మాకు ఓటు లేదండీ, హెచ్-1బీ" అంటారు. పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంటున్నవాళ్ళు కూడా. ఒకాయనైతే పెన్ను తీసుకుని "మా ఆవిడది కూడా నేనే పెట్టేస్తా" అన్నారు. కుదరదండీ, ఎవరిది వాళ్ళే పెట్టాలి అంటే చిన్నబుచ్చుకున్నారు. ఒక తాతగారు మాత్రం అద్దాలు సవరించుకుని, గడి దాటకుండా, తెలుగులో సంతకం చేశారు. చెల్లుతుందో లేదో అని నాకు టెన్షన్. క్లర్క్‌ను అడిగితే "ఓటరుగా నమోదైనప్పుడు ఎలా పెట్టారు?" అన్నారు. తాతగారిని అడిగితే "నేను బ్యాంకులో కూడా తెలుగేనమ్మా" అన్నారు. పోల్చి చూసేది ఆ పాత సంతకంతోనే కాబట్టి ఇబ్బంది లేదు.

మా సంతకాలన్నీ ఒక్కొక్కటీ సరిచూడలేదు. 500 లేదా 3 శాతం, రెండింట్లో ఏది ఎక్కువైతే అన్ని సంతకాలు ర్యాండమ్‌గా తీసి చూస్తారు. మాది గట్టెక్కింది. కౌన్సిల్ దీనివల్ల ఏమవుతుందో 30 రోజుల్లో రిపోర్టు ఒకటి తెప్పించుకుని, చివరికి నవంబర్ బ్యాలెట్‌లో పెట్టింది. ఓటర్లకు పంపే పుస్తకంలో వేసే అనుకూల వాదన 300 పదాల్లోపు నేను రాస్తున్నాను, వ్యతిరేక వాదన ఎదురింటి పెద్దాయన రాస్తున్నారు. నిన్న కాఫీకొచ్చి "నాది 340 వచ్చిందమ్మా, ఎక్కడ కొయ్యాలి?" అని నన్నే అడిగారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు: స్లిప్పు ముందే రాసివ్వండి, స్పీచి ఒక నిమిషానిది ఇంకోటి దగ్గరుంచుకోండి. లోపల ఏసీ మరీ ఎక్కువ, స్వెట్టర్ తప్పనిసరి. పార్కింగ్ మాత్రం బోలెడు.