ప్రి-65 నియమాల కింద పదకొండేళ్లు: ఒక టైగర్ కబ్ యజమాని సమీక్ష

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పదకొండేళ్లుగా 199 సీసీ ట్రయంఫ్ టైగర్ కబ్ మోటార్ సైకిల్ మీద ప్రి-65, అంటే 1965కు ముందరి పాత బళ్ల ట్రయల్స్ పోటీలలో పాల్గొంటున్నాను. బండి గుణదోషాల కంటే, ఆ బండికి ఏ తరగతిలో చోటు దొరుకుతుందో తేల్చే నియమాల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. కొనేవాళ్లు ఇంజను గురించి వంద ప్రశ్నలు అడుగుతారు గాని, నియమావళిని డబ్బు చేతులు మారాక చదువుతారు. నేను కూడా అలాగే చదివి నష్టపోయాను కాబట్టి, ఆ నష్టం మరొకరికి రాకూడదన్నదే నా ఉద్దేశం.

ట్రయల్స్‌లో వేగం మీద గెలుపు ఆధారపడదు. రాళ్ల వాగులోనో, బురద గట్టు మీదో, చెట్ల వేళ్ల మధ్యనో గుర్తులు పాతి ఒక సెక్షన్ ఏర్పాటు చేస్తారు, దాని పక్కన మార్కులు వేసే అబ్జర్వర్ ఒకడు నిలబడతాడు. కాలు నేలకు ఆనించకుండా దాటితే సున్నా, ఒకసారి ఆనిస్తే 1, రెండుసార్లయితే 2, అంతకు మించి ఎన్నిసార్లు ఆనించినా 3, బండి ఆగిపోయినా పడిపోయినా 5. చివరికి ఎవరి ఖాతాలో తక్కువ మార్కులుంటే వారిదే గెలుపు. నడక వేగంతో సాగే ఈ పోటీలో బరువు, హ్యాండిల్ తిరిగే కోణం, ఇంజను కింది భాగం నేల నుంచి ఎంత ఎత్తున ఉందన్నదీ ఫలితాన్ని నేరుగా మార్చేస్తాయి. ఏ బండిని ఏ బండితో పోల్చాలన్న ప్రశ్నకు ఇక్కడ ఇంత విలువ ఉండడానికి కారణం అదే.

ప్రి-65 అన్న గీత ఊరికే గీసింది కాదు. ట్రయల్స్ రైడర్ సామీ మిల్లర్ 500 సీసీ బ్రిటిష్ ఏరియల్ బండిని ఏళ్ల తరబడి చెక్కి సుమారు 110 కిలోలకు దించి, 1964లో స్కాట్లండులో ఆరు రోజులు సాగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు. ఆ ఏడాది చివర ఆయన స్పెయిన్‌కు చెందిన బుల్టాకో కంపెనీకి మారి, 1965లో వారి తేలికపాటి టూ-స్ట్రోక్ బండి మీద అదే పోటీని మళ్లీ గెలిచాడు. ఒక విదేశీ బండి ఆ పోటీలో నెగ్గడం అదే మొదటిసారి. బరువైన బ్రిటిష్ ఫోర్-స్ట్రోక్‌ల కాలం అక్కడితో ముగిసింది కాబట్టి, ఆ బళ్లకు తమలో తాము పోటీపడే చోటు మిగల్చడానికి గీతను అక్కడే గీయడం న్యాయమని నా అభిప్రాయం. 'వింటేజ్' అన్న మాటను మాత్రం జాగ్రత్తగా వాడాలి. 1946లో ఏర్పడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ లెక్కలో వింటేజ్ బండి అంటే 1930 చివరిలోపు తయారైనది. నా కబ్‌ను ప్రకటనలలో ఎవరెంత గొప్పగా వింటేజ్ అని రాసినా, ఆ లెక్కలో అది చాలా తర్వాతి బండి.

1965 గీతకు ముందరి బళ్లను మా క్లబ్బు తయారీ సంవత్సరాన్ని బట్టి కాకుండా నిర్మాణాన్ని బట్టి విడదీస్తుంది, ఈ నియమావళిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. వెనక సస్పెన్షన్ లేనివి రిజిడ్ తరగతి. ఇంజను వేరు, గేర్‌బాక్సు వేరుగా ఉన్నవి ప్రి-యూనిట్ తరగతి. ఏరియల్ హెచ్‌టీ, ఏజేఎస్ 16సీ, మ్యాచ్‌లెస్ జీ3 ఇందులోకి వస్తాయి. రెండూ ఒకే పెట్టెలో ఇమిడినవి యూనిట్ తరగతి. నా కబ్, బీఎస్ఏ సీ15 ఇక్కడివి. బాంటమ్, జేమ్స్, ఫ్రాన్సిస్-బార్నెట్, గ్రీవ్స్ వంటి బ్రిటిష్ టూ-స్ట్రోక్‌లకు మరొక తరగతి ఉంది. బుల్లెట్ నడిపిన తెలుగు పాఠకులకు ఈ తేడా సులభంగానే అర్థమవుతుంది. పాత బుల్లెట్‌లో గేర్‌బాక్సు విడి పెట్టెగా తయారై ఇంజను వెనక బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి, చూపుకు ఒకే ముద్దలా కనిపించినా అది ప్రి-యూనిట్ కిందికే వస్తుంది.

నిర్మాణాన్ని బట్టి విభజించడం ఎందుకు సరైనదో ఒక మిత్రుడి రిజిడ్ బాంటమ్‌ను ఒక రోజంతా నడిపినప్పుడు నాకు ఒంటికి తెలిసింది. అడుగు ఎత్తు రాతి మెట్టు మీదికి ముందు చక్రం ఎక్కాక, కబ్‌లోనైతే వెనక చక్రం షాక్ అబ్జార్బర్ల మీద ఒదిగి రాతిని పట్టుకునే ఎక్కుతుంది. రిజిడ్ బండిలో ఆ పని మోకాళ్లే చెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా చక్రం గాలిలోకి ఎగిరి, పట్టు దొరక్క తిరుగుతూ పక్కకు జారుతుంది. ఇంత తేడా ఉన్న రెండు బళ్లను, ఒకే ఏడాది తయారయ్యాయన్న కారణంతో ఒకే పట్టికలో చేర్చడం అన్యాయం. అయితే పోటీదారులు తగ్గుతున్నకొద్దీ ఈ విభజన మరీ పలుచనైపోతున్నది. కొన్ని ఆదివారాలు రిజిడ్ తరగతిలో ఇద్దరే ఉంటారు, ఇద్దరికీ బహుమతి వస్తుంది. అటువంటి రోజుల్లో తరగతులను కలిపే అధికారం నిర్వాహకులకు ముందే రాసి ఇవ్వాలని నేను కోరుతున్నాను.

1965 తర్వాతి బుల్టాకో, మాంటెసా, యమహా టీవై వంటివి ట్విన్‌షాక్ తరగతికి వెళ్తాయి. వెనక రెండు షాక్ అబ్జార్బర్లు, గాలితో చల్లబడే ఇంజను, డ్రమ్ బ్రేకులు అన్నవి చూడగానే తేలిపోయే లక్షణాలు కాబట్టి అక్కడ వివాదాలు తక్కువ.

ప్రి-65లో వివాదమంతా 'ఆ కాలపు రూపం' అన్న నిబంధన చుట్టూనే తిరుగుతుంది. అరవై ఏళ్ల చక్రాల హబ్బులు పగులుతాయి, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు గొట్టాలు తుప్పు పడతాయి, అందువల్ల కొత్తగా పోతపోసిన భాగాలను అనుమతించక తప్పదు. నా కబ్‌కు కూడా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకున్నాను, మా క్లబ్బు దానికి అభ్యంతరం చెప్పదు. కాని ఆ కాలపు భాగంలా కనిపిస్తే చాలు అన్న మెత్తదనంలోంచి, పలుచని కొత్త గొట్టాలతో చేసిన ఫ్రేములు, పాత తొడుగు లోపల పూర్తిగా ఆధునికమైన ఫోర్కులు వచ్చేశాయి. డబ్బున్నవాడు 1964 నాటి ముక్క ఒక్కటైనా లేని బండిని 1964 తరగతిలో నడపగలుగుతున్నాడు. నిజమైన పాత బండిని గ్యారేజీలో రాత్రులు కూర్చుని నిలబెట్టుకున్నవాడు వాడి వెనక రెండో స్థానంలో ఉండిపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 1961 స్కాటిష్ సిక్స్ డేస్‌లో గోర్డన్ జాక్సన్ 350 సీసీ ఏజేఎస్ మీద ఆరు రోజులకూ కలిపి ఒకే ఒక్క తప్పు మార్కు తెచ్చుకున్నాడు. ఆ బళ్లకు సత్తా లేక మార్పులు చేస్తున్నామన్న వాదన ఆ ఒక్క అంకె ముందు నిలవదు.

నా సొంత అనుభవం కూడా ఈ నిబంధనతోనే ముడిపడింది. నేను కొన్న కబ్‌ను 'పూర్తిగా ప్రి-65 అర్హత గలది' అని చెప్పి అమ్మారు. రెండో సీజనులో ఒక పెద్ద పోటీకి వెళ్లినప్పుడు, బళ్లను తనిఖీ చేసే పెద్దాయన నా బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఫోర్కు మీది రబ్బరు గొట్టపు తొడుగును రెండు వేళ్లతో పైకి జరిపి, లోపలి స్లైడర్ల (ఫోర్కులో జారే గొట్టాల) మీది బురదను గుడ్డతో తుడిచి చూశారు. "బాబూ, ఈ స్లైడర్లు జపాన్‌వి" అన్నారు, గొంతు పెంచకుండా. నన్ను ఇంటికి పంపలేదు, మార్పులు చేసిన బళ్లుండే స్పెషల్స్ తరగతిలోకి మార్చి నడపనిచ్చారు, బహుమతి జాబితాలో మాత్రం నా పేరు లేదు. ఆయన తీర్పులో నాకు ఏ తప్పూ కనిపించలేదు. తనిఖీ చేసేవారు తొడుగు ఎత్తి చూసిన చోటే ఈ నియమాలకు ప్రాణం ఉంటుంది. పది పోటీలలో ఎనిమిదింట ఎవరూ ఎత్తి చూడకపోవడమే నా ఫిర్యాదు.

తెలుగు మిత్రులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: మన బుల్లెట్ ఇక్కడ చెల్లుతుందా? బుల్లెట్ ట్రయల్స్ వంశానికి చెందిన బండే. 1948లో వెనక స్వింగింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పైకీ కిందికీ కదలనిచ్చే చట్రం) ఉన్న నమూనాలు మొదట కోల్మోర్ కప్ ట్రయల్‌లోనే కనిపించాయి. జానీ బ్రిటన్ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద 1952లోనూ 1957లోనూ స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో తయారైన పాత బుల్లెట్‌కు ఏ ఇబ్బందీ లేదు. మద్రాసులో 1950ల నడిమి నుంచి తయారైనవాటి సంగతి వేరు. మా క్లబ్బు బ్రిటన్‌లో తయారైన బండినే అడుగుతుంది, నమూనా ఒకటైతే చాలనే క్లబ్బులూ ఉండవచ్చు, కాబట్టి కొనేముందే ఆ పోటీ కార్యదర్శికి రాసి అడగాలి. మా నాన్నగారి బుల్లెట్‌ను ఇక్కడికి తెప్పించాలన్న ఆలోచనను నేను ఆ జవాబు చూశాకే మానుకున్నాను.

కాగితాల విషయం చిన్నదే. సెక్షన్ల మధ్య రోడ్డు ఉన్న పోటీలకు బండి రిజిస్టరై ఉండాలి, ప్రైవేటు స్థలంలో జరిగేవాటికి ఆ అవసరం లేదు.

ఇప్పుడు నా కబ్‌కు బీఎస్ఏ ఫోర్కు ఉంది. వేరే కంపెనీదైనా ఆ కాలపు బ్రిటిష్ భాగమే కాబట్టి మా నియమావళి ప్రకారం చెల్లుతుంది. కొత్త పోటీకి పేరు ఇచ్చే ప్రతిసారీ ఫోర్కు, హబ్బులు, కార్బురేటర్, ఫ్రేమ్ నంబరు ఫొటోలు కార్యదర్శికి పంపి, ఆయన జవాబును అచ్చు తీసి పనిముట్ల సంచిలో పెట్టుకుంటున్నాను. మొన్నటి పోటీలో తనిఖీకి వచ్చిన కుర్రవాడు తొడుగు జోలికి పోకుండానే నంబరు ప్లేటు అందించబోయాడు. నేనే వంగి తొడుగు పైకి జరిపి, చూడమన్నాను.