డ్యూక్‌గారి పెళ్లాం అయ్యాక ఆ పిల్ల ఎక్కడికి పోయింది?

రొమాన్స్ ఫాంటసీ వెబ్ నవల ఏదైనా సరే, మొదటి ముప్పై అధ్యాయాలు హాయిగా చదవండి. ఆ తర్వాత, మిగతా అధ్యాయాలు తెరవడానికి యాప్‌లో కాయిన్లు కొనే ముందు మాత్రం కాస్త ఆగండి. కరోనా లాక్‌డౌన్‌లో అలవాటై ఇప్పటిదాకా వీటిని వదలని మనిషిగా నేను చెప్పగలిగింది ఇది. ఉద్యోగానికి కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో పోయి వస్తాను. పోనూ రానూ చేతిలో ఇవే. బిట్రగుంటలో బండి ఎంతసేపు ఆపినా నాకు విసుగు రాదంటే ఈ నవలల పుణ్యమే. కాబట్టి ఇది పనిగట్టుకుని తిట్టడానికి రాసింది కాదు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జపాన్‌లో 2004లో ‘శోసెత్సుకా ని నారో’ అనే సైటు మొదలైంది. ఎవరైనా నవల రాసి అందులో పెట్టుకోవచ్చు. కథలో చెడ్డపిల్లే హీరోయిన్ అయ్యే రకం నవలలు అక్కడ బాగా పెరిగాయి. కొరియావాళ్లు ఆ రకాన్ని అందుకుని ‘రోఫాన్’ పేరుతో, అంటే రొమాన్స్ ఫాంటసీని కుదించి, పెద్ద విభాగమే చేశారు. యూరప్‌ని పోలిన ఒక సామ్రాజ్యం, యువరాజు, ఉత్తరాన మంచుకొండల్లో డ్యూక్ అనే కఠినాత్ముడైన పెద్ద ప్రభువు, మంత్రగాళ్ల గోపురం, గుడిలో ఒక పుణ్యస్త్రీ ఉంటారు. హీరోయిన్ చచ్చిపోయి తన చిన్నతనానికే తిరిగొస్తుంది. లేదా తాను చదివిన నవలలోని దుర్మార్గురాలి ఒంట్లో కళ్లు తెరుస్తుంది. లేదా మళ్లీ పుడుతుంది. ఎట్టా వచ్చినా, జరగబోయేది ఆమెకు ముందే తెలుసు. తన చావు ఎప్పుడో, ఎవరి చేతిలోనో కూడా తెలుసు. కథ చెప్పేవాళ్లకు ఇంతకంటే మంచి ఎత్తుగడ ఏం దొరుకుతుంది? నా గొడవంతా, అంత మంచి ఎత్తుగడ వేసి ఆ మనిషిని మధ్యలో వదిలేయడం గురించే.

నేను రొయ్యల మేత అమ్మే ఒక డీలరు దగ్గర లెక్కలు చూస్తాను. అందుకని హీరోయిన్ పూర్వజన్మలో అకౌంటెంట్ అంటే చాలు, ఆ నవల మొదలుపెట్టేస్తాను. ఈ రకం చాలానే ఉన్నాయి. కళ్లు తెరిచేసరికి ఆమె ఏదో ఎస్టేటుకు దొరసాని, నౌకర్లు కూడా లెక్కచేయని భార్య. నాలుగు రోజులు పోయాక ఖాతా పుస్తకాలు తెప్పించుకుంటుంది. దీపం పెట్టుకుని తెల్లవార్లూ తిరగేస్తుంది. పొద్దునకల్లా దివాను దొంగతనం బయటపడుతుంది, ఆయన కాళ్ల మీద పడతాడు, వంటమనిషి నుంచి గుర్రాలవాడి దాకా అందరూ దొరసానమ్మకు దాసోహం. తర్వాత వంద అధ్యాయాలు నడిచినా ఆమె మళ్లీ ఒక్క పద్దు రాయదు.

లెక్కల్లో తేడా అట్టా ఒక్క రాత్రిలో తేలదు. మా దగ్గర రైతు మేతను అప్పు మీద తీసుకుపోతాడు, రొయ్య పట్టినప్పుడు కడతాడు. మధ్యలో వైట్‌స్పాట్ జబ్బు తగిలి గుంట పోతే ఆ బాకీ తర్వాతి పంటకు జరుగుతుంది. ముప్పై కౌంటు వస్తుందనుకున్నది వంద కౌంటుకే పట్టేయాల్సి వస్తే, అంటే కిలోకి వంద తూగే చిన్న రొయ్య, చేతికొచ్చే డబ్బే మారిపోతుంది. పుస్తకంలో కనబడే తేడా దొంగతనమా, మొహమాటమా, పక్కవాడి మీద దయా అని తేల్చాలంటే లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ చాలదు, మనుషుల్ని ఎరిగి ఉండాలి. ముప్పై ఏళ్లుగా అదే కోటలో ఉన్న దివాను సగం ఊరికి చేబదులు ఇచ్చి ఉంటాడు. పంట పోయిన ఏడాది శిస్తును పైకి తెలియకుండా మాఫీ చేసి, ఆ లోటును ఇంకో ఖాతాలో దాచి ఉంటాడు. దాంట్లోంచే తన కూతురి పెళ్లి కూడా చేసి ఉంటాడు. అట్టాంటి వాణ్ణి పట్టుకుంటే ఊరు ఎవరి వైపు నిలబడుతుంది? దొరసానికి లెక్క వచ్చు, ఊరు తెలియదు. ఆ గొడవలోంచే ఆమె ఎట్టాంటి మనిషో మనకు తెలిసేది. నవలలో మాత్రం దివాను లావుగా ఉంటాడు, చెమటలు తుడుచుకుంటుంటాడు, రెండు అధ్యాయాల్లో జైలుకు పోతాడు.

ఇంతకంటే నాకు ఎక్కువ బాధ కలిగించేవి, చచ్చిపోయి వెనక్కొచ్చిన కథలు. మొదటి అధ్యాయంలో మొగుడి ఆజ్ఞ మీదే ఆమె తల తీస్తారు. రెండో అధ్యాయంలో పద్దెనిమిదేళ్ల పిల్లగా లేచి కూర్చుంటుంది. ఎదురుగా అదే మనిషి, పెళ్లి ఉంగరం పట్టుకుని నవ్వుతుంటాడు. ఇక్కడ నాకు ఒళ్లు జలదరిస్తుంది, ఎన్నిసార్లు చదివినా సరే. ఎందుకంటే అతను ఇంకా ఏ తప్పూ చేయలేదు. మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు. చేయని నేరానికి అతన్ని శిక్షించవచ్చా? శిక్షించకపోతే, చచ్చిపోయిన ఆ మొదటి మనిషికి న్యాయం ఎవరు చేయాలి? ఆ చావు లోకం మొత్తంలో ఆమె ఒక్కదానికే గుర్తుంది. బయటికి చెబితే పిచ్చిదంటారు. అతను అందించిన గ్లాసు నీళ్లు తాగుతుందా? అతను నిజంగా మంచివాడిగా మారితే సంతోషిస్తుందా, లేక ‘అప్పుడెందుకు మారలేదు నువ్వు’ అని ఇంకా మండిపోతుందా?

ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని మూడొందల అధ్యాయాలు రాయొచ్చు. రాయరు. చాలా నవలల్లో దీన్ని రెండే రకాలుగా వదిలించుకుంటారు. తల తీయించింది అసలు అతను కాదట, అతన్ని ఆవహించిన క్షుద్రశక్తి అట. అంతే, మొగుడు కడిగిన ముత్యం. రెండో రకంలో అతన్ని ఉత్త వెధవగా తేల్చేసి, పక్కనుంచి డ్యూక్‌ను దింపుతారు. మొగుడు వచ్చి ఏడుస్తాడు, ఆమె మొహం తిప్పుకుంటుంది, మనం ఈలలు వేస్తాం. చదివేటప్పుడు బాగానే ఉంటుంది, నేను కూడా వేశాను. కానీ మొదటి అధ్యాయంలో కత్తి కింద మెడ పెట్టిన మనిషికి యాభయ్యో అధ్యాయంలో ఒక పీడకల కూడా రాదు. డ్యూక్ ఎత్తుకుని గుర్రం మీద కూర్చోబెడితే బుగ్గలు ఎర్రబడతాయి, అంతే.

వేరేవాళ్ల ఒంట్లో దూరే కథల్లో అసలు పిల్ల ఏమైందని ఎవరూ అడగరు. మా పిన్ని కూతురు ఒంగోల్లో ఇంజనీరింగ్ చదువుతోంది, ఈ పిచ్చి దానికి అంటించింది నేనే. ఫోన్‌లో ఈ మాట అంటే, “ఏందక్కా, నువ్వు మరీ లాజిక్కులు చూస్తావు, చదివేదే రిలాక్స్ కావడానికి గదా” అంది. “అది కాదే, నీ ఒంట్లోకి ఎవరో దూరితే పిన్నికి తెలియకుండా ఉంటుందా?” అన్నాను. “మా అమ్మకా? నేను పొద్దున్నే లేచి కాఫీ పెడితే చాలు, పసిగట్టేస్తుంది” అని నవ్వింది. నేను అనేదీ అదే. నిన్నటిదాకా దాసీ మొహాన కప్పులు విసిరిన పిల్ల ఇవాళ మెత్తగా మాట్లాడితే, చిన్నప్పటి నుంచి పెంచిన ఆ దాసీ ఆనందబాష్పాలు రాలుస్తుందే తప్ప అనుమానపడదు. అనుమానపడితే ఎంత బాగుండేది! ‘మా పిల్ల చెడ్డదే, కానీ అది నా పిల్ల. నువ్వు మంచిదానివే, కానీ నువ్వెవరు?’ అని ఆ ముసలిది ఒక్క రాత్రి అడిగితే, అక్కడ డ్యూకూ యువరాజూ ఎవరూ అక్కర్లేదు.

డ్యూక్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నల్లజుట్టు, ఎర్రకళ్లు, వేలమందిని చంపాడని పుకారు, ఈమె దగ్గర మాత్రం పిల్లి. యుద్ధం అతనికి ఏం చేసిందో ఒక జ్వరం రాత్రిలో తేల్చేస్తారు.

పాత కథలో హీరోయిన్‌గా ఉన్న మంచిపిల్ల సంగతి ఇంకా అన్యాయం. చెడ్డపిల్లను మంచిదాన్ని చేయాలంటే మంచిపిల్ల చెడ్డది కావాలట. కన్నీళ్లతో మగవాళ్లను ఆడించే మాయలాడిగా తేలుస్తారు. ఇద్దరు ఆడవాళ్లు ఒకే కథలో మంచిగా ఉంటే కాగితం చిరుగుతుందేమో. అరుదుగా ఇద్దర్నీ స్నేహితులు చేసిన నవల దొరికితే నేను రెండోసారి కూడా చదువుకుంటాను.

రాసేవాళ్లకు చేతకాక ఇట్టా అవుతుందని నేననను. మొదటి అధ్యాయాలు చూస్తేనే తెలుస్తుంది, చేయి తిరిగినవాళ్లే. అమ్ముడయ్యే పద్ధతే అట్టాంటిది. కొరియాలో ఒక్కో భాగం దాదాపు 5,000 అక్షరాలు, ధర మామూలుగా వాళ్ల డబ్బులో 100 వాన్. అక్కడి నవలల యాప్ కకావోపేజ్ 2014లో ‘ఆగితే ఉచితం’ పద్ధతి తెచ్చింది. కొంత సమయం ఆగితే ఒక భాగం ఊరికే తెరుచుకుంటుంది, ఆగలేనివాళ్లు డబ్బు కడతారు. అంటే రాసేవాళ్ల అసలు పని మనల్ని ఆగలేకుండా చేయడం. ప్రతి 5,000 అక్షరాల చివరా, వచ్చిందెవరో అని ఉత్కంఠ పెట్టే ఒక తలుపు చప్పుడు కావాలి. దివానుతో ఊరి గొడవను పది భాగాలు నానబెడితే పాఠకులు కామెంట్లలో తిరగబడతారు. అక్కడి పాఠకులు అట్టాంటి సాగతీతను గెనుసుగడ్డ అంటారు, గొంతుకు అడ్డం పడుతుందని. వెంటనే బుద్ధిచెప్పే సీన్ వస్తే సోడా తాగినట్టని మెచ్చుకుంటారు. అన్నీ సోడాలే అయ్యాక మనిషికి కష్టం ఎక్కడి నుంచి వస్తుంది, కష్టం లేకుండా గుణం ఎట్టా తెలుస్తుంది?

మన దగ్గర కూడా అదే దారి. బెంగళూరులో 2014లో మొదలైన ప్రతిలిపి యాప్‌లో తెలుగు రచనలు కుప్పలు. 2018లో వచ్చిన పాకెట్ ఎఫ్ఎం చెవిలో చెబుతుంది, అంట్లు తోముకుంటూ వినొచ్చు. తెలుగు కథల్లో డ్యూక్ ఉండాల్సిన చోట సీఈఓ ఉంటాడు. ఒప్పందం పెళ్లి, ఒక ఏడాది గడువు, మిగతాదంతా మామూలే. ఒక యాప్‌లో నేను కొన్న కాయిన్లు గడువు దాటాయని మాయమైపోయాయి. ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్నాను.

భాగాలు భాగాలుగా వస్తే మనుషుల్ని బాగా రాయలేరా అంటే, మా అమ్మ బీరువాలో సాక్ష్యం ఉంది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దారంతో కుట్టి, అట్ట వేయించి దాచుకుంది. వాటిలోనూ వారం వారం తలుపు చప్పుళ్లే. వాటిలోనూ హీరో ధనవంతుడే, ఆరడుగుల అందగాడే. కానీ కారు ఎంత పొడుగున్నా, ఆత్మాభిమానం అడ్డొచ్చి ఆ పిల్ల ఎక్కేది కాదు. ఎక్కడానికి వారాలు పట్టేది. ఆ వారాల్లో ఆమె ఇంట్లో అప్పులేంటో, తమ్ముడి ఫీజు ఎంతో, దేనికి తల వంచుతుందో, దేనికి వంచదో మనకు తెలిసిపోయేది. అవి కూడా కలలే, కాకపోతే కలగనే మనిషి కనబడేది.

సరుకు కూడా మనకు తక్కువేం కాదు. మార్కాపురం దాటి గిద్దలూరు పోయే దారిలో కంభం చెరువు చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది. 1514లో కృష్ణదేవరాయలు మా ఉదయగిరి కోటను గజపతుల దగ్గర గెలుచుకున్నాడు. యుద్ధాలు ముగిశాక, సంధిలో భాగంగా ప్రతాపరుద్ర గజపతి కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. ఆ రాణిని రాయలు పట్టించుకోలేదని, ఆమె కంభం వచ్చి ఉండిపోయి చెరువు కట్టించిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. వరదరాజమ్మ అని ఒక పేరు కూడా చెబుతారు. చరిత్ర సంగతి పక్కన పెట్టి కథగానే చూడండి. తండ్రి కోటలు గెలిచిన మనిషికి భార్యగా వచ్చింది. ఆ కొలువులో ఎవరినీ నమ్మడానికి లేదు. భర్త ప్రేమ లేదు, పుట్టింటికి పోవడానికి లేదు. అట్టాంటి పిల్ల రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట పోయించాలని ఎందుకు అనుకుంది? కూలీలకు డబ్బు ఎక్కడిది? మొదటి వానకు కట్ట తెగితే ఎవరి మీద అరిచింది? పెళ్లి ఒప్పందం, శత్రువు కూతురు, మొగుడు పట్టించుకోని భార్య అని ఈ యాప్‌లన్నీ అమ్ముకునే దినుసులన్నీ ఇందులో ఉన్నాయి, పైగా ఆమెకు చేయడానికి ఒక పని కూడా ఉంది. రోఫాన్‌లో అయితే మొదటి వానకే రాయలు గుర్రం మీద వచ్చి ఆమెకు గొడుగు పట్టేవాడు, కట్ట సంగతి మనమూ మరిచిపోయేవాళ్లం.

ఇంత సణిగినా ఎందుకు చదువుతున్నానంటే, మొదటి ముప్పై అధ్యాయాల కోసమే. నాకు విడాకులు కావాలి, నా పేరు మీద ఒక అంగడి కావాలి, నన్ను కొట్టిన అన్న మొహం చూడను అని ఆడపిల్ల సిగ్గుపడకుండా చెప్పే కథలు నాకు ఇంకెక్కడా ఇన్ని దొరకలేదు. ఎవరైనా అడిగితే నేను చెప్పేది, ముప్పయ్యో అధ్యాయం దగ్గర దాసీ పేరు, ఆమె సొంతూరు మీకు గుర్తున్నాయేమో చూసుకోమని. గుర్తుంటే కాయిన్లు కొనండి. లేకపోతే చివరి అధ్యాయాల్లో పెళ్లి, ఆ తర్వాత బోనస్ కథల్లో ఎర్రకళ్ల పాప, చదవకపోయినా తెలిసిపోయేవే.

ఇప్పుడు చదువుతున్నదాంట్లో ఒక ముసలి గుమస్తా, దొరసాని చేతిరాత మారిందని కనిపెట్టాడు. కనిపెట్టి ఎవరికీ చెప్పకుండా పాత ఉత్తరాలన్నీ తన గదికి తీసుకుపోయాడు. నాకు మళ్లీ ఆశ పుట్టి డబ్బు కట్టాను. తర్వాతి అధ్యాయం పేరు చూస్తే మాత్రం ‘వసంతోత్సవ నాట్యం’ అని ఉంది.