మేస్త్రీ కూలి ఎగ్గొడితే లేబర్ ఆఫీసు మేలా, లోక్ అదాలత్ మేలా?

సైటులో పని అయిపోయింది, మేస్త్రీ ఫోన్ ఎత్తడం లేదు. చాలామంది ముందు పోలీస్ స్టేషన్‌కి పరిగెడతారు. అక్కడ 'ఇది సివిల్ మేటర్' అనిపించుకుని తిరిగొస్తారు. ఆ పూట కూలి కూడా దండగ. మిగిలేవి రెండు దారులు.

బలమైన చట్టం కావాలంటే లేబర్ ఆఫీసే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం 3 ఏళ్లలోపు క్లెయిమ్ వేయొచ్చు. బాకీతో పాటు దానికి 10 రెట్ల దాకా పరిహారం ఇప్పించవచ్చు. 'ఇచ్చేశాను' అంటే, ఇచ్చినట్టు రుజువు చూపాల్సింది అవతలివాడే. పని చేశామని చూపాల్సింది మాత్రం మనమే. హాజరు రాసిన చిట్టా పుస్తకం పేజీ ఫోటో, అడ్వాన్సు వేసిన ఫోన్‌పే మెసేజ్, పక్కన పనిచేసిన ఇద్దరి సాక్ష్యం ఉంటే చాలావరకు నిలబడుతుంది.

అర్జీలో 'నా కూలి ఇప్పించండి' అని రాస్తే లాభం లేదు, లెక్క రాయాలి: 42 రోజులు, రోజుకు 700, మొత్తం 29,400, అడ్వాన్సు 11,000 పోను రావాల్సింది 18,400. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారో, సైటు ఎక్కడో కూడా ఉండాలి. నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

కేసులు ఎక్కువగా చిక్కుకునేది పేరు దగ్గరే. 'రాజు మేస్త్రీ' అని ఊరుకుంటే నోటీసు తిరిగొస్తుంది. బిల్డర్‌ని కూడా ఎదుటి పార్టీగా చేర్చండి. కాంట్రాక్టరు ఇవ్వకపోతే ఆ సంస్థ యజమానిదే బాధ్యత అని కోడ్‌లోనే ఉంది. ఎవరో సొంతానికి కట్టుకునే ఇల్లయితే ఈ వాదన అంత తేలిగ్గా నిలవదు.

లోక్ అదాలత్‌కి కోర్టు ఫీజు లేదు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో అర్జీ ఇవ్వొచ్చు, 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. అక్కడి అవార్డు, అంటే రాజీ మీద ఇచ్చే ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, అప్పీలు లేదు. కాకపోతే అది రాజీ వేదిక. అవతలివాడు రాకపోయినా, ఒప్పుకోకపోయినా అక్కడితో సరి.

కాబట్టి బాకీ ఒప్పుకుంటూ వాయిదాలు అడిగేవాడైతే లోక్ అదాలత్, బుకాయించేవాడైతే లేబర్ ఆఫీసు. రాజీ కుదిరితే వాయిదా తేదీలు అవార్డులోనే రాయించండి. డబ్బు చేతికి రాకముందే 'పూర్తిగా ముట్టింది' అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.