పిల్లల కిడ్నీలకు స్కానింగ్ చాలా, ఎంసీయూ కూడా కావాలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పసిబిడ్డకు జ్వరంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే స్కానింగ్ (అల్ట్రాసౌండ్) దగ్గర్లోనే అవుతుంది. ఎంసీయూ (మూత్రాశయంలో మందు నింపి తీసే ఎక్స్‌రే), డీఎంఎస్ఏ (కిడ్నీల్లో మచ్చలు చూసే పరీక్ష) అంటే విశాఖ లాంటి పెద్ద ఊరికి ప్రయాణం. ఎలాగూ వెళ్తున్నాం కదా అని అన్నీ చేయించెయ్యకండి. రెండేళ్ల లోపు బిడ్డకు ఇది మొదటి ఇన్‌ఫెక్షనైతే ముందు స్కానింగే మేలు. కాకపోతే అది సరిగ్గా తియ్యాలి.

జెల్ గోరువెచ్చగా ఉండాలి, మూత్రాశయం ముందు చూడాలి. చల్లటి జెల్ తగిలితే పసివాళ్లు వెంటనే మూత్రం పోసేస్తారు. ఇక మూత్రాశయం గోడ మందం, దాని వెనకాల ఉబ్బిన మూత్రనాళం (కిడ్నీ నుంచి మూత్రం తెచ్చేది) తెలియవు. తర్వాత బోర్లా పడుకోబెట్టి రెండు కిడ్నీల పొడవు కొలవాలి. మూత్రాశయం బాగా నిండి ఉంటే కిడ్నీలో లేని వాపు (మూత్రం నిలిచి ఉబ్బడం) ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే మూత్రం పోశాక మళ్లీ కొలవాలి. నెలల పిల్లల్లో కిడ్నీ లోపలి పిరమిడ్లు (ముక్కోణపు భాగాలు) స్కానింగులో మామూలుగానే నల్లగా ఉంటాయి. వాటిని నీరని పొరబడి రిపోర్టు రాసేస్తే ఇంటిల్లిపాదికీ అనవసరపు దిగులు.

కడుపులో ఉండగానే వాపు కనిపించిన బిడ్డకు పుట్టిన రోజే తీస్తే మూత్రం తక్కువగా తయారవడం వల్ల వాపు దాక్కుంటుంది. 48 గంటలు దాటాక ఒకసారి, 4–6 వారాలకు మరోసారి తీయాలి. మగబిడ్డకు రెండు కిడ్నీలూ వాచి, మూత్రం చుక్కలుగా వస్తుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. మూత్రమార్గంలో వాల్వ్ (పుట్టుకతో వచ్చే పొర) అడ్డుండొచ్చు, ఎంసీయూ తప్పదు.

స్కానింగ్ బాగున్నా మూత్రం వెనక్కి తన్నే రిఫ్లక్స్ లేదని చెప్పలేం. అది పట్టుకునేది ఎంసీయూ. అయితే దానికి సన్నటి పైపు పెట్టాలి, ఎక్స్‌రే తగులుతుంది, ఇన్‌ఫెక్షన్ భయమూ ఉంది. కాబట్టి స్కానింగులో వాపో, నాళం ఉబ్బో కనిపిస్తేనో, జ్వరంతో ఇన్‌ఫెక్షన్ మళ్లీ వస్తేనో చేయించండి, అదీ ఉన్న ఇన్‌ఫెక్షన్ తగ్గాకే. వయసుకు 2 కలిపి 30తో గుణిస్తే మూత్రాశయం ఎన్ని మి.లీ. పడుతుందో సుమారుగా తెలుస్తుంది: రెండేళ్లకు 120. ఎంసీయూలో పైపు ద్వారా మందు తక్కువ నింపినా, బిడ్డ మూత్రం పోస్తుండగా ఫొటో తియ్యకపోయినా రిఫ్లక్స్, వాల్వ్ రెండూ తప్పిపోతాయి.

డీఎంఎస్ఏ కిడ్నీల్లో మిగిలిన మచ్చల కోసం. జ్వరం తగ్గిన 4–6 నెలలకు తీయించాలి, తొందరపడితే ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన తాజా వాపే మచ్చలా కనిపిస్తుంది.

ఈసారి ఒడిశాలో, వచ్చేసారి ఆంధ్రాలో తీయించే ఇళ్లే ఇక్కడ ఎక్కువ. 'కొద్దిగా వాపు' అని మాత్రమే రాస్తే రెండో డాక్టరు దేనితో పోల్చుతారు? కుడి, ఎడమ పొడవులు, మూత్రానికి ముందు, తర్వాత వాపు ఎన్ని మి.మీ. ఉందో అంకెల్లో రాయించుకుని మరీ బయటికి రండి.