3,500 పదాలకు 12,500 రూపాయలు: జీఆర్ఈ వొకాబులరీ ప్యాకేజీతో జాగ్రత్త

అమీర్‌పేటలో జీఆర్ఈ (విదేశాల్లో ఎంఎస్ లాంటి చదువులకు రాసే పరీక్ష) కోచింగ్ కోసం తిరుగుతున్నవాళ్లు, ముఖ్యంగా "నాకు వొకాబులరీ ఒక్కటే వీక్" అనుకునేవాళ్లు, డబ్బు కట్టేముందు ఇది చదవండి. నేను 12,500 కట్టి మోసపోయాను. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఇలాంటి సరుకు ఒక్కచోటే దొరుకుతుందని నేననుకోను. సరుకు గుర్తుపట్టగలిగితే బోర్డు మీద ఏ పేరుంటే ఏంటి?

మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీటెక్ అయ్యాక ఎంఎస్‌కి వెళ్దామనుకున్నాను. లెక్కలంటే భయం లేదు గానీ వెర్బల్ (ఇంగ్లిష్ విభాగం) పేరెత్తితేనే టెన్షన్. నాన్నను వెంటబెట్టుకుని వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న మేడం ఒక కాగితం మీద ఐదు పదాలు రాసి అర్థాలు చెప్పమంది. ఒక్కటీ రాలేదు. "చూశారా అంకుల్, ఇలాగే వెళ్తే 140 కూడా దాటదు. మా వర్డ్ బ్యాంక్‌లో 3,500 పదాలున్నాయి, తెలుగు అర్థాలతో సహా. వెర్బల్‌లో 155 గ్యారంటీ, రాకపోతే డబ్బు వాపస్. ఈ రేటు ఇవాళ్టికే" అంది. నాన్న ఒక్కటే అడిగారు: "రశీదు ఇస్తారామ్మా?" అప్పుడు నాకు సిగ్గేసింది. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఆ రశీదే.

మూడో రోజు పుస్తకం ఇచ్చారు. స్పైరల్ బైండింగ్ వేసిన జిరాక్స్ కట్ట. పేజీ నంబర్లు 212 తర్వాత 87, దాని తర్వాత 140. ఒక పేజీ అంచున జిరాక్స్ తీసినవాడి బొటనవేలు నల్లగా అచ్చయి ఉంది. రెండు మూడు పాత పుస్తకాలను కలిపి కుట్టారని అక్కడే అర్థం కావాల్సింది. "మెటీరియల్ ఎలా ఉంటేనేం, లోపలి విషయం ముఖ్యం" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ లోపలి విషయం సంగతి చూడండి. సగానికి పైగా వ్యతిరేక పదాలు, అనాలజీల (ఒక పదాల జంటలో ఉన్న సంబంధమే ఉన్న మరో జంటను ఎంచుకునే ప్రశ్నల) ప్రాక్టీసే. ఈ రెండు రకాల ప్రశ్నలనూ పరీక్ష పెట్టే సంస్థ ఈటీఎస్ 2011 ఆగస్టులోనే తీసేసింది. అప్పుడు నేను మూడో తరగతి! ఇప్పుడు వెర్బల్ అంటే రెండు సెక్షన్లలో కలిపి 27 ప్రశ్నలు: 18 నిమిషాల్లో 12, 23 నిమిషాల్లో 15. ఖాళీలు పూరించేవి, ఒకే అర్థం వచ్చేలా రెండు పదాలు ఎంచుకునేవి, ప్యాసేజీలు, అంతే. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష మొత్తం గంటా 58 నిమిషాలకు తగ్గింది, వ్యాసం కూడా ఒక్కటే. వీళ్లు పెట్టిన మాక్ టెస్ట్ మాత్రం మూడు గంటల నలభై ఐదు నిమిషాలు, రెండు వ్యాసాలతో.

పాతదైనా పదాలు పదాలే కదా అంటారేమో. నేనూ అలాగే అనుకుని రోజుకు 80 చొప్పున బట్టీ పట్టాను. అసలు దెబ్బ అక్కడే పడింది. 'ఎనర్వేట్' అన్న పదానికి ఎదురుగా "శక్తినిచ్చు" అని ఉంది. ఎనర్జీతో పోలిక చూసి వేసేసి ఉంటారు. నిజానికి దాని అర్థం శక్తి పీల్చేయడం, నీరసపరచడం. 'సాంగ్విన్'కు "రక్తదాహం గల" అని రాశారు. అది 'సాంగ్వినరీ' అర్థం. సాంగ్విన్ అంటే మంచే జరుగుతుందన్న ఆశతో ఉండటం. 'నోయిసమ్' అంటే "గోల చేసే" అట, అసలు అర్థం కంపు కొట్టేది. తెలియని పదమైతే వదిలేసి ముందుకెళ్తాం. తప్పుగా తెలిసిన పదాన్ని ధీమాగా టిక్ పెట్టి వస్తాం. ఖాళీలు మూడున్న ప్రశ్నలో రెండు సరిగ్గా పెట్టి మూడోది తప్పితే ఆ ప్రశ్నకు సున్నాయే, సగం మార్కులు ఉండవు.

ఇంకో రకం తప్పు నాకు చాలా ఆలస్యంగా కనిపించింది. మనకు తెలుసనుకున్న మామూలు పదాలు పరీక్షలో వేరే అర్థంతో వస్తాయి. 'పెడెస్ట్రియన్' అంటే పాదచారి అని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆయన ప్రసంగం పెడెస్ట్రియన్‌గా ఉందంటే ఆయన నడుస్తూ మాట్లాడారని కాదు, చప్పగా సాగిందని. 'క్వాలిఫై' అంటే అర్హత సాధించడమే కాదు. ప్యాసేజీలో రచయిత తన వాదనను క్వాలిఫై చేశాడంటే షరతులు పెట్టి దాని పట్టు తగ్గించాడని. 'డిస్ఇంటరెస్టెడ్' అంటే ఆసక్తి లేనివాడనుకుంటాం, పరీక్షలో మాత్రం అందులో సొంత లాభం లేని, ఎటూ మొగ్గని మనిషి. వర్డ్ బ్యాంక్‌లో వీటికి ఒక్కో తెలుగు మాటే ఉంది, అదీ పరీక్షకు పనికిరానిది. వాక్యం ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు.

నలభై రోజులయ్యాక ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ టెస్ట్ రాశాను. ఉచితంగా రెండున్నాయి. ముందే రాయాల్సింది, తెలివితక్కువతనం నాదే. వెర్బల్‌లో 143 వచ్చింది. పుస్తకం, డిక్షనరీ పక్కపక్కన పెట్టుకుని తప్పులకు గుర్తులు పెడుతూ కూర్చున్నాను. మొదటి ముప్పై పేజీల్లోనే 41 తేలాయి. తీసుకెళ్లి సార్‌కి చూపిస్తే "ఇవన్నీ ఎగ్జామ్‌లో రావులేమ్మా" అన్నారు. రానివి ఎందుకు అమ్మారని అడగాల్సింది. నోరు పెగల్లేదు.

డబ్బు వాపస్ అడిగితే రశీదు వెనక్కి తిప్పమన్నారు. చీమల్లాంటి అక్షరాలతో షరతులు: 95 శాతం హాజరు ఉండాలి, యాప్‌లో క్విజ్‌లన్నీ 90 రోజుల్లో పూర్తిచేయాలి, అసలు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ 155 కంటే తక్కువ తెచ్చుకోవాలి. మన దగ్గర పరీక్ష ఫీజే అప్పుడు సుమారు 22 వేలు. 12,500 వెనక్కి రావాలంటే ముందు 44 వేలు పెట్టి ఫెయిల్ అవ్వాలన్నమాట! పోనీ అదీ చేద్దామన్నా యాప్‌లో 61వ క్విజ్ నుంచి తెరుచుకోదు, "త్వరలో" అని వస్తుంది.

ఇంత గొడవ మధ్యలో వాళ్ల మనిషే ఇంకొకడు ఫోన్ చేసి, నిన్నటి పరీక్షలో వచ్చిన "రియల్ ప్రశ్నలు" వాట్సాప్‌లో పంపుతా, 3,000 ఇవ్వమన్నాడు. దాని జోలికి అస్సలు వెళ్లకండి. ప్రశ్నలు ముందే చూశారని తేలితే ఈటీఎస్ మీ స్కోరు రద్దు చేయగలదు. అప్పుడు ఫీజు కూడా పోయినట్టే.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సేవకు డబ్బు రశీదులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో తిరిగివ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. కోచింగ్ సెంటర్లు విజయం గ్యారంటీ అని తప్పుడు ప్రకటనలు చేయకూడదని 2024 నవంబర్‌లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఫిర్యాదు వెళ్లిన వారానికి కౌంటర్ మేడమే ఫోన్ చేసింది. 6,000 ఇస్తాం, కంప్లయింట్ వెనక్కి తీసుకోండి అని. నాన్న ఫోన్ తీసుకుని "సగం తప్పుకు సగం డబ్బా అమ్మా?" అని పెట్టేశారు.

ఎక్కడైనా చేరేముందు పుస్తకాన్ని మధ్యలో ఎక్కడో ఒకచోట తెరిచి చూపించమనండి. వ్యతిరేక పదాలు, అనాలజీలు కనిపిస్తే లేచి వచ్చేయండి. 'ఎనర్వేట్'కు ఏం రాశారో అక్కడే చూడండి. చూపించం, కట్టాకే ఇస్తాం అంటే ఇంకా త్వరగా లేవండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు రశీదు రెండువైపులా ఫోటో తీసిపెట్టుకోండి, వెనకవైపు మరీ ముఖ్యం. ఎండకు ఆ చిన్న అక్షరాలు అప్పుడే వెలిసిపోతున్నాయి.