గిటార్ మీద థియరీ: షేపులతోనా, స్వరాల దూరాలతోనా?

గిటారిస్టులు సంగీత థియరీలోకి ఎక్కువగా రెండు దారుల్లో వస్తారు. మొదటిది షేపుల దారి. కార్డంటే కలిపి మోగించే స్వరాల గుంపు. సీ, ఏ, జీ, ఈ, డీ అనే ఐదు ఓపెన్ కార్డుల (కొన్ని తీగల్ని నొక్కకుండానే మోగించేవి) ఆకారాలు నేర్చుకుని, వాటినే ఫ్రెట్‌బోర్డ్ (తీగల కింద వేళ్లతో నొక్కే పలక) మీద జరుపుకుంటూ పోవడం. ‘ఈ’ మేజర్ కార్డు ఆకారాన్ని బ్యారే వేసి (అంటే ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కి) మొదటి ఫ్రెట్‌లో (ఆ పలక మీది గడిలో) పట్టుకుంటే ఎఫ్, మూడో ఫ్రెట్‌లో జీ. పాటకి వెంటనే పనికొస్తుంది. కానీ వేలు ఏ స్వరం మీద ఉందని అడిగితే నీళ్లు నములుతాం. నేనైతే చాలా ఏళ్లు నమిలాను.

రెండోది దూరాలు లెక్కపెట్టే దారి. ఒక్కో ఫ్రెట్ ఒక సెమీటోన్, అంటే పక్కపక్క స్వరాల మధ్య ఉండే అతి చిన్న మెట్టు. మేజర్ కార్డంటే మూల స్వరం, దానికి 4 సెమీటోన్ల పైది, 7 పైది. ఆ 4ని 3 చేస్తే మైనర్. మూల స్వరం ఏదైనా ఇదే లెక్క. మొదట్లో విసుగే, ఒప్పుకుంటాను.

అసలు తేడా జీ, బీ తీగల దగ్గర బయటపడుతుంది. మామూలు ట్యూనింగ్‌లో మిగతా పక్కపక్క తీగల మధ్య 5 సెమీటోన్లుంటే, ఈ రెంటి మధ్య 4 మాత్రమే. అందుకే అక్కడికి రాగానే ఆకారం ఒక ఫ్రెట్ జరుగుతుంది. షేపులు బట్టీపట్టినవాళ్లకి అది అయోమయం, దూరాలు తెలిసినవాళ్లకి మామూలు కూడిక.

నన్నడిగితే మొదటి కొన్ని నెలలు షేపులే. కాకపోతే ప్రతి షేపులో మూల స్వరం ఏ తీగ మీదుందో చూసుకోండి. బ్యాండ్‌లో వాయించాలనుకుంటే మాత్రం దూరాల్ని వాయిదా వేయొద్దు. కీబోర్డ్ వాయించేవాళ్లకి ‘ఐదో ఫ్రెట్’ అంటే ఏం తెలుస్తుంది?