టమాటా రైతుకి బ్రిక్స్ మీటర్ ఎంతవరకు పనికొస్తుంది: సాలూరు–పొట్టంగి వైపు వాళ్ల కోసం

వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే చేతి రిఫ్రాక్టోమీటర్, అంటే బ్రిక్స్ మీటర్, టమాటా వేసేవాళ్లు కొనదగ్గ వస్తువే. ఒక్క సంగతి ముందే తెలిసుండాలి. అది చూపించేది ముఖ్యంగా కాయలోకి చేరిన చక్కెరని. మొక్క ఎంత తయారుచేసిందో దానికి తెలియదు. ఈ తేడా పట్టించుకోకపోతే ఆకు రసం పోసి మురిసిపోవడం, ‘తీపి పెంచే’ సీసాలు కొనడం, అంతా దండగ.

కొనేటప్పుడు మొదటి పొరపాటు రేంజి దగ్గరే జరుగుతుంది. షాపుల్లో చేతికిచ్చేది ఎక్కువగా 0–32 రకం, అంటే 0 నుంచి 32 బ్రిక్స్ దాకా చూపించేది (నూరు గ్రాముల రసంలో ఒక గ్రాము కరిగి ఉంటే 1 బ్రిక్స్). పుచ్చకాయకి, ద్రాక్షకి అది బాగుంటుంది. మన మామూలు టమాటా 3.5 నుంచి 5.5 మధ్యే తిరుగుతుంది, చెర్రీ రకాలైతే 6 దాటతాయి. 0–32 మీటర్లో ఒక్కో గీత 0.2, అవీ ఇరుకిరుకుగా ఉంటాయి. 0–10 రకంలో గీత 0.1, కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. టమాటాకే వాడేట్టయితే అదే అడిగి తీసుకోండి. తేనెకి వాడే 58–90 రకం పొరపాటున తెచ్చుకుంటే టమాటా రసానికి అందులో గీతే కనపడదు. ‘ఏటీసీ’ అని రాసి ఉన్నదే కొనాలి. వేడికి తగ్గట్టు రీడింగు సర్దే ఏర్పాటు అది, కానీ 10 నుంచి 30 డిగ్రీల మధ్యే సరిగ్గా పనిచేస్తుంది. సాలూరు దిగువన ఏప్రిల్ మధ్యాహ్నం పొలంలో నిలబడి కొలిస్తే ఆ అంకె నమ్మడానికి లేదు. పొద్దున్నే, నీడలో కొలవాలి.

వాడే పద్ధతి తేలికే. ప్రిజం మీద రెండు మూడు చుక్కల డిస్టిల్డ్ వాటర్ వేసి, మూత వాల్చి, అర నిమిషం ఆగి, వెలుతురు వైపు పెట్టి చూడండి. నీలం, తెలుపు కలిసే గీత సున్నా మీద లేకపోతే స్క్రూ తిప్పి సరిచెయ్యాలి. బోరు నీళ్లతో సున్నా పెట్టొద్దు. లీటరుకి గ్రాము ఉప్పులున్న నీళ్లయితే 0.1 దాకా తేడా వచ్చేస్తుంది, 0–10 మీటర్లో అది ఒక గీత. మీటరు నిజం చెబుతోందా లేదా అని అనుమానం వస్తే 95 గ్రాముల నీళ్లలో 5 గ్రాముల పంచదార పూర్తిగా కరిగించి వెయ్యండి, 5 చూపించాలి.

రసం తీయడంలోనే ఎక్కువమంది తప్పుతారు. కాయని గిల్లి ఒక చుక్క పిండితే గింజల చుట్టూ ఉన్న జిగురు రావచ్చు, కండ రసం రావచ్చు. ఈ రెండింటి రీడింగూ ఒకటి కాదు. కాయ మొత్తం నలిపి, పల్చటి గుడ్డలో వడకట్టి ఆ రసం వెయ్యాలి. వడకట్టకపోతే గుజ్జు వల్ల గీత మసకబారిపోతుంది. ఒకే పండుదనం ఉన్న కాయలు, వేర్వేరు మొక్కల్నించి, రెండో మూడో గుత్తివి, కనీసం పది తీసుకుని సగటు కట్టండి. 4.2కీ 4.4కీ తేడా ఉందని వాదించుకోవడం అనవసరం. 0.4 కన్నా తక్కువ తేడా మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఇంకో మాట, 5 చూపించిందంటే నూటికి 5 గ్రాములూ చక్కెరే అని కాదు. పులుపునిచ్చే ఆమ్లాలు, లవణాలు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి.

ఇప్పుడు ఆకు రసం సంగతి. ఆకు బ్రిక్స్ ఎక్కువుంటే పంట బాగున్నట్టే అని చెప్పి మీటర్లు అమ్మేవాళ్లున్నారు. ఇది నమ్మేముందు చక్కెర దారి చూడాలి. ఆకులో తయారైన చక్కెర సుక్రోజ్ రూపంలో కదులుతుంది. దాన్ని కణాల్లోంచి బయటికి వదిలేవి స్వీట్ (SWEET) అనే కుటుంబం ప్రోటీన్లు. మొక్కల్లో ఈ కుటుంబం సంగతి 2010లో బయటపడింది. టమాటాలో ఇలాంటి జన్యువులు ముప్పై దాకా ఉన్నాయి. బయటికొచ్చిన సుక్రోజ్‌ని పట్టుకుని ఫ్లోయంలోకి, అంటే చక్కెరని మొక్కంతా మోసే గొట్టంలోకి, ఎక్కించేది ఎస్‌యూటీ1 అనే ఇంకో ప్రోటీన్. ఈ ఎక్కింపు సాగాలంటే పొటాషియం కావాలి. అది చాలకపోతే చక్కెర ఆకులోనే ఇరుక్కుపోతుంది. అంటే ఆకులో అంకె పెరిగి కాయలో తగ్గే అవకాశం ఉంది! దానికితోడు ఎండ కొద్దీ పొద్దుటికీ సాయంత్రానికీ ఆకు రీడింగు మారిపోతూనే ఉంటుంది. టమాటాలో ఆకు రీడింగు మీద ఆధారపడి ఎరువు వెయ్యడం మా దృష్టిలో తప్పు.

కాయ దగ్గర దింపుడుకి వేరే ఏర్పాటుంది. ఎస్‌యూటీ1 లాంటిదే అయిన ఎస్‌యూటీ2ని అణిచిన టమాటా మొక్కల్లో ఆకులు బాగానే ఉన్నాయి, కాయా గింజా మాత్రం దెబ్బతిన్నాయి. స్వీట్ కుటుంబంలోని స్వీట్15 కాయలోకి సుక్రోజ్ దింపడంలో పనిచేస్తుంది. దిగిన సుక్రోజ్‌ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టే ఎంజైముల్లో ముఖ్యమైనది లిన్5. అలా విడగొట్టేకొద్దీ కాయ వైపు లాగుడు పెరుగుతుంది. సొలానమ్ పెన్నెల్లై అనే అడవి టమాటా నుంచి వచ్చిన లిన్5 రూపం కాయ బ్రిక్స్ పెంచుతుందనీ, దానికి మూలం ఆ ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మార్పనీ 2004లో తేల్చారు. 2024లో చైనా శాస్త్రవేత్తలు సీడీపీకే26, 27 అనే రెండు జన్యువుల్ని జీన్ ఎడిటింగ్‌తో ఆపేసి, కాయ సైజు తగ్గకుండానే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ 30 శాతం దాకా పెంచగలిగారు. ఇవన్నీ విత్తనంలో ఉండాల్సిన మార్పులు. పైనుంచి కొట్టే సీసా ఏదీ ఈ జన్యువుల్ని మార్చలేదు.

మరి మన చేతిలో ఏముంది? నీళ్లు, పొటాష్, కోసే సమయం. నీళ్లు ఎక్కువిచ్చిన తోటలోనూ, వాన పడ్డ మర్నాడూ రీడింగు తగ్గుతుంది. కోతకి ముందు తడి తగ్గిస్తే పెరుగుతుంది, కానీ కాయ చిన్నదవుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పెడితే పగులుతుంది. పొటాష్ లోటున్న నేలలో కాయ ఊరే దశలో 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకి 5 గ్రాములు కొట్టడం అర్థమున్న పనే. లోటు లేని నేలలో దానికి పెట్టే డబ్బు మిగుల్చుకోవచ్చు. దూరం లోడుకని రంగు తిరగ్గానే కోస్తే కాయలోకి చక్కెర రావడం అక్కడితో ఆగిపోతుంది. బుట్టలో ఎర్రబడుతుంది తప్ప తీపి పెద్దగా పెరగదు.

‘తీపి మందు’ పనితనం తేల్చాలంటే ఈ మీటరే సాక్ష్యం. రెండు సాళ్లు కొట్టకుండా వదిలి, వారం పదిరోజుల తర్వాత రెండువైపులా పదేసి కాయలు కొలవండి. విత్తనాలు పోల్చేటప్పుడూ అంతే, ఒకే మడిలో పక్కపక్కనే వెయ్యాలి. సుంకి ఘాటు పైన, ఒడిశా కొండల్లోని పొట్టంగి, సెమిలిగుడలో చలికాలం రాత్రుళ్లు చల్లగా ఉండి మొక్క ఊపిరికి ఖర్చుపెట్టే చక్కెర తగ్గుతుంది. అక్కడి అంకె తెచ్చి సాలూరు అంకె పక్కన పెడితే అది విత్తనం గొప్పా, చలి గొప్పా తేలదు. ఆ ఎర్ర నేలల్లో ఎండు తెగులు తట్టుకునే రకం ఉంటే, బ్రిక్స్ అర పాయింటు తక్కువైనా దానికే మా ఓటు. మండీలో డబ్బులిచ్చేది క్రేటు బరువుకి. బ్రిక్స్‌కి ధర పలికేది సాస్ ఫ్యాక్టరీలకీ, చెర్రీ టమాటా కొనేవాళ్లకీ అమ్మేటప్పుడే.

పాడవడం గురించి. మీటర్ని బకెట్లో ముంచి కడిగితే లోపలికి నీరు చేరి గీత మాయమైపోతుంది, దాన్ని బాగుచేయించే ఖర్చుతో కొత్తదే వస్తుంది. పులుపు రసం ప్రిజం మీద ఎండనివ్వకుండా వెంటనే తడి మెత్తటి గుడ్డతో తుడవాలి. మట్టి చేత్తో తుడిస్తే గీతలు పడతాయి. చవక రకాల్లో ప్లాస్టిక్ మూత వంగి బుడగలు నిలిచిపోతుంటాయి. కొనేముందు షాపులోనే నీటి చుక్క వేసి మూత పూర్తిగా అతుక్కుంటోందో లేదో చూసి, స్క్రూడ్రైవర్ పెట్టెలో ఉందో లేదో తెరిచి చూసుకోండి.